నిదానం బండి

ఇలా దగ్గరగా జరగండి. ఆ గోడకి ఆనుకుని కూర్చుంటే నా మాట సగమే చెవిన పడుతుంది, మిగతా సగం మీరే కల్పించుకుంటారు. ఈ సంగతిలో కల్పించుకోవడం కుదరదు. ఉన్నది ఉన్నట్టు వినాలి.

ఆవిరమ్మ అని ఒకావిడ ఉండేది. పేరు విని ఏ దేవతో అనుకునేరు, మనిషే. లాండ్రీ నడిపేది. వీధిలోకి ఎప్పుడు వచ్చినా వెనకాల తలుపులోంచి తెల్లగా ఆవిరి కూడా వచ్చేది, అందుకని ఆ పేరు పడిపోయింది. అసలు పేరు ఆవిడకే గుర్తుండేదో లేదో. ఆ లాండ్రీ ఏటవాలు వీధికి పైకొసన ఉండేది. ఎంత వాలంటే, పైన గుమ్మంలో నిమ్మకాయ జారవిడిస్తే కింద పెద్దరోడ్డు దాకా ఆగకుండా పోవాల్సిందే. వీధంతా రాళ్ల పరుపు, మధ్యలో ఒక మలుపు, మలుపులో తాళాల కొట్టు. కింద రోడ్డు మీద రోజంతా లారీలు.

ఆవిరమ్మ మొగుణ్ణి అందరూ నిదానం అనేవాళ్లు. ఉతికి ఇస్త్రీ చేసిన దుప్పట్లు, తువ్వాళ్లు కరెంటు బండి మీద మూటలు కట్టి, కింద ఉన్న ఆస్పత్రికీ లాడ్జీలకీ చేరవేయడం ఆయన పని. కరెంటు బండంటే చూడ్డానికి సైకిలే, వెనక చక్రంలో మోటారు ఉంటుంది. కుడి పిడి తిప్పితే అదే లాక్కుపోతుంది. ఆ బండి మీద కూడా ఆయన నడిచేవాడికి దారిచ్చి మరీ వెళ్లేవాడు. ఎదురొచ్చిన పిల్లికి కూడా ముందు నువ్వు వెళ్లు తల్లీ అని ఆగేవాడు. నిదానం తెచ్చేలోపు దుప్పటి మళ్లీ మాసిపోతుందయ్యా అని లాడ్జీవాళ్లు ఎగతాళి చేస్తే, మాస్తే మా ఆవిడే కదా ఉతికేది, మీకేం నొప్పి అని నవ్వేవాడు. ఆవిరమ్మ తిట్టేది, ఆయన వినేవాడు, మళ్లీ అలాగే వెళ్లేవాడు. కాపురం అలా సాగిపోయింది, ఒక కూతురు పుట్టి పెరిగి పెద్దదైంది. ఆ పిల్ల ఒక్కచోట కుదురుగా ఉంటేగా. తండ్రి నిదానమైతే కూతురికి తూనీగ అని పేరు పెట్టారు వీధివాళ్లు. వాళ్లకి పేర్లు పెట్టడం తప్ప వేరే పనుంటేగా.

అలాంటి మనిషి ఒక తుంపర పొద్దున ఆ వాలులో బాణంలా దూసుకుపోయి, కింద ఆగి ఉన్న లారీని గుద్దుకుని పోయాడు.

చూసినవాడు తాళాల కొట్టువాడు. మలుపు దగ్గర తన ముందునుంచే వెళ్లాడట. రెండు పిడికిళ్లూ బిగించి, పళ్లు కరుచుకుని, ఎటూ చూడకుండా వెళ్లాడట. ఏదో పరుగుపందెంలో ఉన్నట్టున్నాడమ్మా అన్నాడు వాడు, ఏడుస్తూనే. ఆ మాట వీధంతా పాకింది. పాపం నిదానం, జన్మకి ఒక్కరోజు తొందరపడ్డాడు, ఆ ఒక్కరోజే ప్రాణం తీసింది అని చెప్పుకున్నారు. నవ్వుగా కాదు, జాలిగానే చెప్పుకున్నారు. కానీ ఆ మాట ఆవిరమ్మ గుండెలో ముల్లులా దిగబడింది.

ఎందుకో చెప్పనా. ఆ పొద్దున మూట కట్టిస్తూ ఆవిరమ్మ అంది, "ఏమండీ, ఈ ఒక్కరోజుకి కాస్త త్వరగా వెళ్లిరండి, ఆస్పత్రివాళ్లు ఎదురుచూస్తున్నారు." అంతే అంది. ఆయన తలూపి వెళ్లాడు. ఇన్నేళ్లలో తన మాట ఎన్నడూ వినని మనిషి ఆ ఒక్కసారి విన్నాడని, వినే పోయాడని ఆవిరమ్మ అనుకుంది. ఎవరికీ చెప్పలేదు. కూతురికి కూడా చెప్పలేదు. నోట్లో ముద్ద పెట్టుకుంటే ఆ మాటే అడ్డం పడేది.

బండిని నిదానం తమ్ముడు తెచ్చిపెట్టాడు. వాడు వాలు కింద బండ్లు బాగుచేసేవాడు, ఆ వీధిలో తిరిగే కరెంటు బండ్లన్నీ వాడి చేతి మీద నడిచినవే. వంగిన ముందు చక్రం మార్చి, లాండ్రీ వెనక గదిలో వెనక చక్రం నేలకి తగలకుండా స్టాండు మీద నిలబెట్టి, వదిన మొహం చూడకుండా వెళ్లిపోయాడు. తర్వాత ఆ గుమ్మం తొక్కలేదు. అన్న పోయిన దుఃఖం, చూడలేకపోతున్నాడులే అనుకుంది ఆవిరమ్మ.

ఆ వెనక గదిలోనే ఆవిరి ప్రెస్సు ఉండేది. మంచమంత బల్ల, దాని మీద ఇనప మూత. తడి దుప్పటి పరిచి మూత దించితే బుస్సుమంటుంది, ఎత్తితే గదంతా మబ్బు కమ్మినట్టు అయిపోతుంది. ఆవిరమ్మ రోజులో సగం ఆ మబ్బులోనే ఉండేది. బండిని ఆ మూలే పెట్టమంది, కంటికెదురుగా ఉంటుందని. కొన్నాళ్లకి బ్యాటరీ చార్జింగు పెట్టడం మొదలెట్టింది. తాళం తిప్పితే హ్యాండిలు మీద పచ్చటి చుక్క ఒకటి వెలిగేది. ఆ చుక్క వెలుగుతుంటే గదిలో ఇంకో మనిషి ఉన్నట్టుండేది, అందుకని పొద్దున రాగానే తాళం తిప్పేది, పని ముగిశాక తీసేది.

ఒక మధ్యాహ్నం దుప్పట్ల మీదనుంచి మూత ఎత్తింది. ఆవిరి లేచింది. ఆ ఆవిరిలో టిక్కు టిక్కుమని చప్పుడు. చూస్తే స్టాండు మీదున్న బండి వెనక చక్రం తిరుగుతోంది. ఎవరూ లేరు. పిడి మీద చెయ్యి లేదు. మెల్లగా, ఎక్కడికీ తొందర లేనట్టు, నిదానంగా తిరుగుతోంది.

ఆవిరమ్మ కేకపెట్టలేదు. చేతిలో దుప్పటి అలాగే పట్టుకుని, "వచ్చారా" అంది.

ఆవిరి పలచబడ్డాక చక్రం ఆగింది.

ఇక చూడండి, ఆవిడకి ఆ గదే ప్రపంచమైపోయింది. చక్రం తిరిగినప్పుడల్లా కబుర్లు చెప్పేది. లాడ్జీవాళ్లు తువ్వాళ్ల మీద గోరింటాకు మరకలు పంపారని చెప్పేది, తూనీగ జుట్టు కత్తిరించుకుందని చెప్పేది, తాళాల కొట్టువాడికి పన్ను ఊడిందని చెప్పేది. చక్రం మెల్లగా తిరిగితే విన్నాడని, గబగబా తిరిగితే కోపమొచ్చిందని లెక్క. ఆ ఒక్క మాట మాత్రం అడగలేకపోయేది. నేను త్వరగా వెళ్లమన్నాననేనా అని అడగాలని నోటిదాకా వచ్చేది, మళ్లీ మింగేది. ప్రెస్సు మూత ఎత్తినప్పుడే చక్రం తిరుగుతోందన్న సంగతి ఆవిడకి తట్టనేలేదు. ఎలా తడుతుంది. మనకి గాలి ఎలాగో ఆవిడకి ఆవిరి అలాగ.

మడతలు పెట్టడానికొచ్చే ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు మానేశారు. తూనీగ వెనక గదిలోకి రావడం మానేసి, దుప్పట్లన్నీ ముందు గదిలోనే మడతపెట్టేది. అమ్మకి మతి చలించిందేమో అని ఒక భయం, నిజంగానే నాన్నేమో అని ఇంకో భయం. ఏది పెద్దదో ఆ పిల్లకే తెలియదు.

ఇంతలో మూటలు చేరవేసే దారి మూసుకుపోయింది. పాలవాడి బండిలోనో, కూరగాయలవాడి బండిలోనో బతిమాలి పంపుతుంటే మధ్యాహ్నానికి గానీ చేరడం లేదు. ఆస్పత్రివాళ్లు మొహం మాడ్చారు. తూనీగ తెగించి చెప్పింది, నాన్న బండి నేను నడుపుతానని. ఆవిరమ్మ ఒప్పుకోలేదు. తల్లీకూతుళ్లు ఉతుకుతూ పోట్లాడారు, ఆరేస్తూ పోట్లాడారు. వీధివాళ్లకి కాలక్షేపమైంది. ఆఖరికి ఆవిరమ్మ అంది, "నన్నడుగుతావేం, బండి ఆయనది. ఆయన్ని అడుగు."

తూనీగ వెనక గది గుమ్మంలో నిలబడింది. లోపలికి అడుగు పెట్టలేదు. ఆవిరమ్మ చేతిలో పని ఆపకుండా మూత ఎత్తుతూ అడిగింది, ఏమండీ, పిల్ల మీ బండెక్కుతానంటోంది, ఇవ్వమంటారా అని. ఆవిరి లేచింది. చక్రం కదిలింది. ఎప్పుడూ లేనంత జోరుగా తిరిగింది, ఊచలు కనబడనంత జోరుగా. ఆవిరమ్మ కళ్లు నిండిపోయాయి.

"సంతోషంగా ఇమ్మంటున్నారే" అంది కూతురితో.

విన్నారా, ఏ తిరుగుడు ఆయన్ని మింగిందో, ఆ తిరుగుడునే దీవెన అనుకుంది ఆ తల్లి. కూతుర్ని తన చేత్తోనే ఎక్కించబోయింది.

మూటలు కట్టే చట్రం విరిగి ఉంది, అది బిగించి బండి దించమని మరిదికి కబురంపింది. రెండుసార్లు తప్పించుకున్నాడు. మూడోసారి తూనీగే వెళ్లి, నువ్వు రాకపోతే చట్రం నేనే బిగించుకుని రేపు ఎక్కేస్తా బాబాయ్ అంది. వాడు చేతిలో పానా పడేసి, ఆ పిల్ల వెనకే వచ్చాడు.

వచ్చినవాడు బండి వైపు చూడకుండా చట్రం బిగించాడు. ఆవిరమ్మ మంచినీళ్లిచ్చింది. మీ అన్నయ్య ఒప్పుకున్నారు తెలుసా, అడగ్గానే చక్రం తిప్పి చూపించారు అని చెప్పింది, చాలా మామూలుగా. వాడు గ్లాసు దించి, చక్రమేమిటి వదినా అన్నాడు. చూద్దువుగాని ఉండు అని ఆవిడ ప్రెస్సు మూత ఎత్తింది.

ఆవిరి వచ్చి వాడి మొహానికి తగిలింది. చక్రం టిక్కుటిక్కుమంటూ మొదలై ఊపందుకుంది. వాడు బండ్లవాడు కదా, చెయ్యి దానంతటదే వెళ్లి బ్రేకులు రెండూ గట్టిగా నొక్కింది.

చక్రం ఆగలేదు. నెమ్మదించింది, అంతే. బ్రేకు రబ్బర్లు పట్టుకుంటున్నాయి, లోపల మోటారు తోస్తోంది. ఆ రెంటి మధ్యా నలిగి ఒక మూలుగు వచ్చింది. బండి స్టాండు మీద ముందుకి గింజుకుంటోంది. వాడు పిడికిళ్లు బిగించి, పళ్లు కరుచుకుని పట్టుకున్నాడు. గుమ్మంలో తూనీగ రెండు చేతులతో చెవులు మూసుకుంది. ఆవిరి తగ్గేదాకా ఆ మూలుగు అలా సాగి, సన్నగిల్లి, ఆగిపోయింది.

వాడు బ్రేకు లివర్లు వదిలి, కింద నేల మీద కూలబడ్డాడు.

తర్వాత వాడు చెప్పింది అంతా ఒక్కసారిగా చెప్పలేదు, ముక్కలుముక్కలుగా చెప్పాడు. నేను మీకు కలిపి చెబుతాను. కరెంటు బండి బ్రేకు లివరు మొదట్లో గోరంత స్విచ్చి ఒకటి ఉంటుంది. లివరు నొక్కగానే అది మోటారుకి కరెంటు ఆపేస్తుంది. పిడి తిప్పి ఉన్నా సరే, బ్రేకు మీద చెయ్యి పడిందంటే మోటారు చచ్చినట్టు ఊరుకోవాలి. వెనక ఎర్రదీపం వెలిగించేది కూడా అదే. మంచి వస్తువే. కానీ ఆ వాలు వీధిలో అందరికీ అది పంటికింద రాయి. బరువుతో పైకెక్కుతూ మధ్యలో ఆగితే, మళ్లీ కదిలేలోపు బండి వెనక్కి జారుతుంది. బ్రేకు పట్టుకునే పిడి తిప్పుకుని, మోటారు ఊపందుకున్నాక బ్రేకు మెల్లగా వదిలితే జారదు. స్విచ్చి ఉంటే ఆ ఎత్తు పారదు. అందుకని ఎవరొచ్చి అడిగినా వీడు ఆ స్విచ్చి వైరు ఊడదీసి, నల్ల టేపు చుట్టి వదిలేసేవాడు. అదేం పెద్ద పనిగా అనుకోలేదు. చక్రానికి గాలి కొట్టినట్టే ఇదీను. నిదానం కూడా అడిగాడు. అందరికంటే ఎక్కువ ఆగే మనిషి కదా, పిల్లికీ ఆగాడు, పిల్లవాడికీ ఆగాడు, ఆగినప్పుడల్లా జారేవాడు. తమ్ముడే తీసేశాడు, మాటల్లో మాటగా, రెండు వైపులా.

ఇక ఆ పిడి. తడి లోపలికి దిగితే పిడి తిప్పకపోయినా తిప్పినట్టే అనుకుంటుందట మోటారు. ఆ పొద్దున తుంపర. ఈ గదిలో ఆవిరి. రెండూ నీళ్లే.

"అన్నయ్య తొందరపడలేదు వదినా" అన్నాడు వాడు, నేల వైపే చూస్తూ. "ఆయన పట్టుకున్నది బ్రేకులే. వాలు, మూటల బరువు, మోటారు మూడూ తోస్తున్నా కింద దాకా పట్టుకునే ఉన్నాడు. నేను వైరు తీసేశాను, మోటారుకి అది తెలియలేదు."

మరి తాళం తీసెయ్యలేదేం అని తూనీగ అడిగింది. తాళం సీటు కింద ఉంటుందమ్మా, మూటల వెనక, చెయ్యి వదిలితే గానీ అందదు, వదలడం ఎలా అన్నాడు. ఆయన పోయినరోజే నాకు అనుమానం తగిలింది, చక్రం మార్చేటప్పుడు హ్యాండిలు వైపు చూడలేకపోయాను, చూడకపోతే నిజం కాకుండా పోతుందనుకున్నాను అన్నాడు. ఈ బండిని తీసుకెళ్లి ముక్కలు చేసేస్తానన్నాడు.

ఆవిరమ్మ వెళ్లి ప్రెస్సులో తడి దుప్పటి పరిచింది, మూత దించింది, ఎత్తింది. ఆవిరి లేచింది, చక్రం మొదలైంది. అప్పుడు బండి ముందు నిలబడి తన రెండు చేతులతో లివర్లు నొక్కింది. ఆ మూలుగు మళ్లీ వచ్చింది. ఇనుము అరచేతుల్లో వణికింది, మోచేతుల దాకా వణికింది. లోపల ఏదో తోస్తోంది, వినడం లేదు. తాళాల కొట్టువాడు చూసిన పిడికిళ్లు ఇవి. పరుగుపందెం కాదు. ఆగడానికి ఆ మనిషి ఒంట్లో ఉన్న బలమంతా ఇందులో పెట్టాడు. తను త్వరగా వెళ్లమన్నా ఆయన వినలేదు. ఎప్పటిలాగే వినలేదు.

అప్పుడు ఏడిచింది ఆవిరమ్మ. ఆయన పోయాక అదే మొదటిసారి. ఏడుస్తూనే, "నా మాట వినలేదు, చూశావుటే, ఆఖరికి కూడా వినలేదు మీ నాన్న" అంది కూతురితో. తూనీగకి ఆ మాట ఏమిటో అర్థం కాలేదు. ఆరోజు పొద్దున తానేం అన్నదీ అప్పుడు చెప్పింది ఆవిరమ్మ. తూనీగ గుమ్మం దాటి లోపలికొచ్చి తల్లిని పట్టుకుంది.

మరిదితో ఆవిరమ్మ ఒకటే అంది.

"ముక్కలు చెయ్యడం చేతకానివాళ్ల పని. ఏ చేత్తో తీశావో ఆ చేత్తోనే పెట్టు."

కానీ వాడు సామాను తెచ్చుకుని టేపు విప్పబోతే మళ్లీ తనే ఆపింది. స్విచ్చి పెట్టి, పిడి మార్చేస్తే ఇక చక్రం తిరగదు. సంగతి తెలిసిపోయింది, అది ఆయన కాదు, తడి. తెలిసినా సరే, ఇన్నాళ్లు కబుర్లు చెప్పింది ఆ తడికే కదా. ఆ చప్పుడు ఆగిపోతే గదిలో ఎవరుంటారు. వాళ్లిద్దర్నీ బయటకి పొమ్మంది. తలుపు వేసుకుని ఒక దుప్పటికి మూత ఎత్తింది, ఇంకో దుప్పటికి ఎత్తింది. లోపల్నుంచి టిక్కుటిక్కు వినబడుతూనే ఉంది, మధ్యలో ఆవిడ మాట్లాడుతూనే ఉంది. ఏం మాట్లాడిందో నాకు తెలియదు. తెలిసినా మీకు చెప్పను, మొగుడూ పెళ్లాల మాటలు. ఆఖరికి తలుపు తీసి, పెట్టెయ్ నాయనా అంది.

వాడు రెండు వైపులా కొత్త స్విచ్చిలు పెట్టాడు, వైరు కలిపాడు. పిడి మార్చేముందు ఆవిరమ్మ చివరిసారి మూత ఎత్తింది. చక్రం తిరిగింది. ఆవిడ ఒక్క వేలితో లివరు తాకింది. మూలుగు లేదు, గింజుకోవడం లేదు. చక్రం మాట వినే పిల్లలా ఊరుకుంది. వెనక ఎర్రదీపం వెలిగింది, గదిలో ఆవిరంతా ఎర్రగా అయిపోయింది.

ఆ తర్వాత వాడు వీధిలో ఒక్కో బండినీ ఆపి, తను తీసిన స్విచ్చి తనే పెట్టుకుంటూ పోయాడు. ప్రతివాడికీ అన్న ఎలా పోయాడో తన నోటితో చెప్పాల్సి వచ్చేది. అన్న పోయాక తమ్ముడికి పిరికి మందు పోశారని కొందరు వెక్కిరించారు. వాలులో జారుతుందయ్యా అంటే, జారితే దిగి తొయ్యి, కాళ్లు అరిగిపోవులే అనేవాడు. కొందరు తిట్టారు, కొందరు దిగి తోశారు. అందరూ మారలేదు, మారారని అబద్ధం చెప్పను.

తూనీగ బండెక్కింది. మొదటిరోజు ఆవిరమ్మ గుమ్మంలో నిలబడి, మెల్లగా వెళ్లు అంది. తాళాల కొట్టువాడు మలుపులో ఆ పిల్లని చూసి, ఒసేయ్ తూనీగా, ఇంత నెమ్మదిగా వెళ్తే నీకు పేరు మార్చాలే అన్నాడట.

ఇక్కడితో అయిపోయిందనుకుంటున్నారు కదూ. లేవకండి.

కొత్త పిడి పెట్టాక చక్రం మళ్లీ ఎన్నడూ దానంతటది తిరగలేదు. కానీ ఒక మధ్యాహ్నం ఆవిరమ్మ మూత ఎత్తితే, ఆ తెల్లటి ఆవిరిలో ఎర్రగా కనిపించింది. స్టాండు మీద బండి, వెనక దీపం వెలుగుతోంది. లివరు మీద ఎవరి చెయ్యీ లేదు. మరిది వచ్చి చూశాడు. స్విచ్చి తడికి అంటుకుంటోంది వదినా, దీపం వెలుగుతోందంటే మోటారు ఆగి ఉన్నట్టే, చెడినా మంచివైపే చెడింది, మారుస్తానన్నాడు. మార్చాడు. కొన్నాళ్లకి అదీ వెలిగింది. ఇంకోటి పెట్టాడు, రబ్బరు తొడుగేశాడు. అదీ వెలిగింది. ఆవిరి లేని ఆదివారం కూడా ఒకసారి వెలిగిందని ఆవిరమ్మ చెప్పేది, మరిది మాత్రం నేను చూడలేదు అనేవాడు, కళ్లు పక్కకి తిప్పుకుని.

ఇదివరకు తిప్పేవారు, ఇప్పుడు పట్టుకుంటున్నారు అనేది ఆవిరమ్మ. ఇక కబుర్లు చెప్పేది కాదు. దీపం చూసి తన పని చేసుకునేది.

తూనీగకి మాత్రం ఒక అలవాటైంది. బండెక్కేముందు చక్రం లేపి, పిడి కొంచెం తిప్పి, రెండు లివర్లూ ఒకదాని తర్వాత ఒకటి నొక్కి చూసేది. చక్రం ఆగాలి, దీపం వెలగాలి. ఆగకపోతే ఆరోజు బండి కదలదు, మూట ఎంత అర్జెంటైనా సరే. దీపం ముందే వెలిగి ఉన్న రోజైతే లివరు ఒకసారి నొక్కి వదిలి, "వదులు నాన్నా, నేను చూసుకుంటాగా" అనేది. అది ఆరేది. అప్పుడు ఎక్కేది.

మీరెవరు ఏ కరెంటు బండెక్కినా ముందు లివరు నొక్కి చక్రం ఆగుతుందో లేదో చూసుకోండి. ఎవడైనా ఆ చిన్న వైరు తీసేస్తే సుఖంగా ఉంటుందంటే, నిదానం సంగతి చెప్పండి. నేను చెప్పినట్టే చెప్పండి, పిల్లికి దారిచ్చిన దగ్గర్నుంచి చెప్పండి. ఆయన తొందరపడి పోయాడని మాత్రం ఎవర్నీ అననివ్వకండి.